పడ్డాక ఎన్ని రోజులకు లేచావు?

ప్రశ్న: "అమ్మగారూ, వందనాలు. మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాస్తాను. వయసు 35. 2013లో కృష్ణలో బాప్తిస్మం తీసుకున్నాను. మూడేళ్ళు మందు ముట్టలేదు. తర్వాత మళ్ళీ మొదలైంది. రెండు మూడు నెలలు మానేస్తాను, మళ్ళీ పడిపోతాను. పడితే నాలుగైదు రోజులు ఆగను. పొద్దున చేతులు వణుకుతాయి, కొంచెం లోపల పడితే తగ్గుతుంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీర్మానం చేసుకుంటాను, సంక్రాంతికి అయిపోతుంది. చర్చిలో కీబోర్డు వాయిస్తాను, అక్కడ ఎవరికీ తెలియదు. రెండేళ్ళుగా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం లేదు, ఏదో ఒక వంకతో ఆ ఆదివారం తప్పించుకుంటున్నాను. ఉపవాసాలు చేశాను. వేరే ఊరు వెళ్ళి చేతులుంచి ప్రార్థన చేయించుకున్నాను. రెండు నెలల క్రితం నా భార్య పాపను తీసుకుని తెనాలి పుట్టింటికి వెళ్ళిపోయింది. నిజంగా రక్షణ పొందినవాడినైతే ఇన్నేళ్ళు ఇలా ఉంటానా? ఇంకా ఎన్నాళ్ళు పోరాడాలి?"

బాబూ, నీది మా పెద్దాడి వయసు, అందుకని నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. నేను గుంటూరులో ఉంటాను. ముప్పై నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో ఎక్కువ కాలం మగవాళ్ళ మెడికల్ వార్డులో. రిటైరయ్యాక మా సంఘంలో వారానికి రెండు సాయంత్రాలు ఒక గదిలో కూర్చుంటున్నాను. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. దానికి కౌన్సెలింగ్ అని బోర్డు పెట్టారు గానీ నేను చేసేది ఎక్కువగా టీ పోసి ఇవ్వడం, వినడం.

నువ్వు అడిగింది రక్షణ గురించి. నేను ఆగిపోయింది మాత్రం నువ్వు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర. పొద్దున చేతులు వణుకుతాయి, కొంచెం పడితే తగ్గుతుంది అన్నావు. ముందు దాని సంగతి చూద్దాం. ఆత్మ సంగతి తర్వాత తప్పకుండా మాట్లాడతాను.

అది ఒళ్ళు మందుకు అలవాటు పడిపోయిందనడానికి గుర్తు. అలాంటి ఒంటికి ఒక్కసారిగా మందు ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనపడతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోయే పరిస్థితి అది. 1995 జనవరిలో రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టినప్పుడు మా వార్డుకు ఇలాంటి కేసులు వచ్చాయి. గోడ మీద బల్లులు పాకుతున్నాయని ఒకాయన సెలైన్ పీకేసుకుని పరిగెత్తాడు. గోడ మీద ఏమీ లేదు.

ఇంకొకటి చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఊళ్ళో ఒక తమ్ముడు మందు మానాలని మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చున్నాడు. రెండో రాత్రి ఏవేవో మాట్లాడటం మొదలుపెట్టాడు. దయ్యం బయటికి రావడానికి గింజుకుంటోందని అందరూ చుట్టూ చేరి తెల్లవార్లూ గద్దించారు. తెల్లారి ఫిట్స్ వచ్చి బల్ల మీద పడితే తల పగిలింది, అప్పుడు తీసుకొచ్చారు. బతికాడు. ఆ చుట్టూ నిలబడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఏడ్చి ప్రార్థన చేసినవాళ్ళే. కానీ ఆ రాత్రి అతనికి కావలసింది ఆస్పత్రి మంచం, బి1 విటమిన్ ఇంజెక్షన్, నిద్రపుచ్చే మందు. అందుకే చెప్తున్నాను, ఈసారి నువ్వు మానేటప్పుడు గదిలో తలుపేసుకుని ఉపవాసంతో మానొద్దు. విజయవాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీలో చూపించుకో. రోజుకు ఎంత తాగుతున్నావో, ఎన్నేళ్ళ నుంచో, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయో లేదో నిజం చెప్పు. డాక్టర్ దగ్గర మన మగవాళ్ళందరూ సగానికి సగం తగ్గించి చెప్తారు, నాకు తెలుసు. కొన్ని రోజులు అడ్మిట్ కమ్మంటే కా. వెళ్ళడానికి ధైర్యం చాలకపోతే ముందు 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోను, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

తెనాలి నుంచి మీ అత్తగారో మరొకరో "తెలియకుండా కూరలో కలిపితే మందు మానేస్తాడు" అని ఏ పొడో తెప్పించి ఉంటే దాన్ని పారేయమని చెప్పు. గోడల మీద ఆ ప్రకటనలు మనందరం చూస్తూనే ఉన్నాం. డాక్టర్లు వాడే మందుల్లోనూ ఒకటుంది, అది వేసుకున్న మనిషి మందు తాగితే ఒళ్ళు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందది. చాటుగా సాంబారులో కలిపితే ఏదో ఒక రోజు మనిషి పోతాడు.

"అంటే ఇది రోగమేనా, పాపం కాదా?" అని నువ్వు అడుగుతావు. అందరూ అడుగుతారు. రెండూను. ఒళ్ళు పట్టుబడి ఉంది, దానికి వైద్యం ఉంది. అబద్ధాలు చెప్పావు, పాప ఫీజు డబ్బులు తాగావు (నువ్వు రాయలేదు గానీ తాగే ఉంటావు), దానికి పశ్చాత్తాపం ఉంది. ఒకటి ఉందని రెండోది కొట్టేయకు. అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి తరచూ వచ్చే కడుపు జబ్బు కోసం ఏం తీసుకోవాలో ఉత్తరంలో రాశాడు. నీ విశ్వాసం ఏమైంది అని రాయలేదు. ఆ మందు కొంచెం ద్రాక్షారసం అనే సంగతి ఇప్పుడు నీకు గుర్తు చేయడం నాకు ఇష్టం లేదు, కానీ ఎలాగూ నువ్వే గుర్తు చేస్తావు కాబట్టి ముందే చెప్తున్నా, అది తిమోతికి రాసిన చీటీ, నీకు కాదు.

ఇక నీ అసలు ప్రశ్న. రక్షణ పొందినవాడు ఇన్నేళ్ళు ఇలా ఉంటాడా?

మన సాక్ష్యాలు గమనించావా? అన్నీ అయిపోయిన కథలే. తాగేవాడిని, ప్రభువు విడిపించాడు. అప్పుల్లో ఉండేవాడిని, ప్రభువు తీర్చాడు. "నిన్న కూడా తాగాను, ఇవాళ వచ్చాను, ప్రార్థన చెయ్యండి" అని మైకు ముందు నిలబడి చెప్పినవాళ్ళను నా జీవితంలో ఇద్దర్ని చూశాను. అందులో ఒకాయన చేతిలోంచి మైకు మెల్లగా తీసేసుకున్నారు. ఇరవై ఏళ్ళు అలాంటి సాక్ష్యాలే విన్న మనిషికి, తను ఇంకా మధ్యలో ఉన్నాడు కాబట్టి లోపల లేడేమో అనిపిస్తుంది. బైబిల్లో మాత్రం మధ్యలో ఉన్నవాళ్ళు బోలెడుమంది. ఎనభై ఎనిమిదో కీర్తన తీసి చదువు. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతికి తిరుగుతాయి, ఇది తిరగదు. చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది. దాన్ని కూడా పాటల్లో చేర్చారు, గుళ్ళో పాడుకోమని ఇచ్చారు.

మా గుంటూరు లూథరన్ వాళ్ళకు ఒక అలవాటుంది. ఎవరైనా నీరసపడితే హేయర్ అయ్యగారి కథ చెప్తారు. 1842 జూలై 31న గుంటూరు వచ్చిన మిషనరీ ఆయన. వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. మూడోసారి 1869లో ఓడ ఎక్కేటప్పటికి ఆయన వయసు 76. గొప్ప సంగతే, మా తాతల కాలం నుంచి చెప్పుకుంటున్నాం. కానీ చేతులు వణుకుతూ వచ్చిన కుర్రాడికి ఈ కథ చెప్పి "ఆయన సముద్రాలు దాటాడు, నువ్వు వీధి చివర షాపు దాటలేవా?" అంటే వాడు ఇంకో నాలుగు రోజులు చర్చి మొహం చూడడు. నేను అన్నాను ఒకసారి. కొత్తలో. అందుకే తెలుసు.

ఇప్పుడు నేను చెప్పేది త్రోఫిము గురించి. పేరు వినగానే ఎవరికీ గుర్తు రాదు. తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో, నమస్కారాల మధ్య, పౌలు ఒక మాట రాస్తాడు. త్రోఫిముకు ఒంట్లో బాగాలేదు, అతన్ని మిలేతు అనే ఊళ్ళో వదిలి వచ్చాను అని. అంతే. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన గుడ్డలు తీసుకెళ్ళి వేస్తే రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అదే పౌలు సొంత స్నేహితుణ్ణి జబ్బుతోనే వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఎందుకు బాగుపడలేదో రాయలేదు. త్రోఫిము దొంగ విశ్వాసి అనీ రాయలేదు. ఆ లైను నాకు ఎంత ఆదరణ ఇచ్చిందో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి.

2003లో మా వారు పోయారు. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. గుండె దడ, ఒళ్ళంతా బరువు, లేచి కాళ్ళు కింద పెట్టాలంటే యుద్ధం. స్త్రీల సమాజంలో నేనే కార్యదర్శిని. బయట అందరికీ ప్రార్థన చేసేదాన్ని, ఇంట్లో గిన్నెలు తోమడానికి ఏడ్చేదాన్ని. రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. 2005లో మా డాక్టరమ్మ నా మొహం చూసి తనే తీసుకెళ్ళి చూపించింది. మాత్రలతో తేరుకున్నాను. ఏడాది తర్వాత ఒక కూడికలో ఒకరు మాత్రలు వేసుకోవడం అవిశ్వాసం అన్నారు. ముప్పై ఏళ్ళకు దగ్గర పడ్డ సర్వీసున్న నర్సుని, రోగులకు డోసు తప్పిస్తే తిట్టేదాన్ని, అంత తెలిసీ ఆ మాటకు మాత్రలు కాలవలో పారేసి వచ్చాను. మూడు నెలలకు మళ్ళీ మంచం పట్టాను, ఈసారి ఇంకా గట్టిగా. ఇప్పటికీ రాత్రి ఒక మాత్ర వేసుకుంటాను. ఇప్పటికీ వానాకాలంలో ఒక పది పన్నెండు రోజులు ఆ బరువు వస్తుంది. ప్రభువు తీసేయగలడని నమ్ముతాను. తీసేయలేదు. ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాను. నేనూ మిలేతులోనే ఉన్నాను బాబూ, అక్కడి నుంచే నీకు రాస్తున్నాను.

పౌలు తన ఒంట్లో ముల్లు గురించి ముమ్మారు వేడుకున్నాడు. దొరికిన జవాబు "నా కృప నీకు చాలును" అన్నది. మనం దాన్ని కేలెండరు మీద గులాబీ పువ్వు పక్కన అచ్చేసి గోడకు తగిలిస్తాం గానీ, అది అడిగింది ఇవ్వనన్న జవాబు. ముల్లు ఉంటుంది, నేనూ ఉంటాను అని. మొదటిసారి అలా చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే కొన్నాళ్ళు ప్రార్థన చేశాను. అదీ ప్రార్థనే.

అయితే నా ముల్లు, నీ మందు ఒకటే అనడం లేదు. నేను కావాలని తెచ్చుకోలేదు, నువ్వు గ్లాసు చేత్తో ఎత్తుతావు. తేడా ఉంది. ఉన్నా నీ ప్రశ్నకు జవాబు మారదు. రోమా పత్రిక ఏడో అధ్యాయంలో చేయగోరిన మేలు చేయలేక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని ఏడ్చే మనిషి ఉన్నాడు. అతను విశ్వాసా, కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నేను పండితురాలిని కాదు. వార్డులో నేర్చుకున్నది చెప్తాను. నొప్పి పెడుతోందని అరిచే రోగిని చూసి మేం భయపడం, సూది గుచ్చినా కదలని రోగి దగ్గరికే పరిగెత్తుతాం. రెండేళ్ళుగా బల్ల దగ్గర నీకు గుచ్చుకుంటోంది కదా. చచ్చిన దాన్ని ఏదీ గుచ్చదు.

ఆ బల్ల గురించి. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అన్న భయంతో నువ్వు ఆ ఆదివారాలు తప్పించుకుంటున్నావు. మొదటి కొరింథీ పదకొండులో ఆ మాట పైన, కింద ఏముందో చదువు. కొరింథులో అసలు గొడవేమిటి? బల్ల దగ్గర డబ్బున్నవాళ్ళు బాగా తినేసి, లేనివాళ్ళను ఆకలితో ఉంచుతున్నారు. ఒకడు మత్తుడై ఉంటున్నాడని కూడా అక్కడే ఉంది. అంత చెడ్డ స్థితిలో ఉన్న సంఘానికి పౌలు ఏం చెప్పాడు? ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకోవాలి, "ఆలాగు చేసి" రొట్టె తినాలి అన్నాడు. పరీక్షించుకుని ఇంటికెళ్ళమనలేదు. నువ్వు పరీక్ష రాస్తున్నావు, ఫలితం చూసుకోకుండా ప్రతిసారీ హాలు నుంచి పారిపోతున్నావు. తాగి ఉన్న రోజు వెళ్ళొద్దు, అది వేరే సంగతి. మిగతా రోజుల్లో వెళ్ళు. ఇంకో చిన్న విషయం, మీ సంఘంలో పాత్రలో పోసేది ద్రాక్షపండ్ల రసమా, వైనా కనుక్కో. వైన్ అయితే నీకు ఆ ఒక్క చుక్క కూడా మంచిది కాదు. పాస్టరు గారితో ముందే చెప్పుకుంటే ఏదో దారి చూపిస్తారు, రొట్టె మాత్రం తీసుకున్నా నిన్ను ఎవరూ బయటికి గెంటరు.

నా గదికి వచ్చేవాళ్ళను నేను "ఎన్ని రోజులు మానావు?" అని అడగను. అందరూ అదే అడుగుతారు, వాళ్ళూ ఆ లెక్కే పెట్టుకుంటారు. తొంభై రోజులు, నూటపది రోజులు, పడగానే మళ్ళీ సున్నా. సున్నా చూసుకునేసరికి ఎలాగూ పోయింది కదా అని ఇంకో నాలుగు రోజులు తాగుతారు. నేను అడిగేది వేరే. పడ్డాక ఎన్ని రోజులకు లేచావు? పడ్డ తర్వాత మళ్ళీ నోరు తెరిచి దేవుడితో మాట్లాడటానికి ఎంతసేపు పట్టింది? ఎవరికైనా ఒక మనిషికి చెప్పడానికి ఎన్ని రోజులు పట్టింది? నీ విషయంలో మొదటిదానికి బహుశా ఐదారు రోజులు. రెండోదానికి తొమ్మిదేళ్ళు, ఇవాళ్టికి.

నేను చూసిన ఒకతను ఉన్నాడు, పేరు వద్దు, మిర్చి యార్డులో హమాలీ. మొదట్లో పడితే నెల రోజులు కనపడేవాడు కాదు. తర్వాత వారం. తర్వాత మూడు రోజులు. ఒకసారి తాగిన మర్నాడే గడ్డం కూడా గీసుకోకుండా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. వాసన కొడుతున్నాడు. మా కమిటీ ఆయన ఒకరు మొహం చిట్లించారు. నాకు మాత్రం అంత సంతోషం చాలా రోజులకు కలిగింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పడ్డాడు. ఇప్పటికి నాలుగేళ్ళు దాటింది, పడలేదు. రేపు పడడని నేను రాసివ్వలేను, అతనూ రాసివ్వడు. "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును" అని సామెతల్లో ఉన్న మాటలో ఏడుసార్లు పడ్డవాణ్ణి నీతిమంతుడనే అన్నారు, అది చూసుకున్నావా? సంస్కర్త మార్టిన్ లూథరు 1517లో రాసిన 95 వాదాల్లో మొట్టమొదటిది కూడా ఇదే, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపంగా ఉండాలని. ఏడాదికొకసారి డిసెంబర్ 31 రాత్రి కాదు.

ఆ తీర్మానాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, నాకు వాటి మీద పెద్ద గురి లేదు. రాత్రి పన్నెండింటికి పాటలు, కన్నీళ్ళు, వాగ్దానం కార్డు తీసుకోవడం, అన్నీ బాగుంటాయి, నేనూ వెళ్తాను. కానీ ఆ వేడిలో జీవితాంతానికి మాటిచ్చిన మనిషికి భోగి నాడు ఊళ్ళో స్నేహితులు, పందేల బరి, పక్కనే టెంటు ఉంటాయని గుర్తుండదు. జీవితాంతం మానతానని చెప్పకు. సంక్రాంతికి ఊరు వెళ్ళనని చెప్పు. అది నువ్వు నిలబెట్టుకోగలిగిన మాట.

ఒక నోటుబుక్కు కొనుక్కో. లెక్కలు రాసేవాడివే కదా. ఇప్పటిదాకా పడ్డ రోజులు గుర్తున్నంతవరకు రాయి. ఏ వారం, ఎన్ని గంటలకు, అంతకుముందు ఏం జరిగింది, ఏం తిన్నావు, జేబులో ఎంత ఉంది. ఆ హమాలీతో ఇలాగే రాయించాను. పన్నెండు సార్లలో తొమ్మిది శనివారాలు, కూలీ చేతికొచ్చిన సాయంత్రాలు, మధ్యాహ్నం సరిగ్గా అన్నం తినని రోజులు. ఏలీయా ప్రవక్త సంగతి తెలుసుగా. కర్మెలు కొండ మీద అంత జయం చూసినవాడు కొద్ది రోజులకే బదరీ చెట్టు కింద పడుకుని చావు అడుక్కున్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. లేచి తినమన్నాడు, పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని. నేను మా హమాలీకి చెప్పింది కూడా అదే. శనివారం ఆరింటికి సాతానును గద్దించే ముందు రెండు ఇడ్లీలు తిను. నవ్వాడు. కానీ తిన్నాడు, అది పనిచేసింది. కూలీ డబ్బు అక్కడికక్కడే భార్య ఖాతాలో వేయించుకున్నాడు. నువ్వు ఆటోనగర్ నుంచి ఇంటికి వెళ్ళే దారిలో షాపు ఉంటే దారి మార్చు. చుట్టు తిరిగినా, బస్సు ఎక్కినా సరే. ఏటీఎం కార్డు, ఫోన్‌పే కొంతకాలం నీ దగ్గర ఉండకూడదు.

ఇప్పుడు కష్టమైన పని. ఒక మనిషికి చెప్పాలి. నాకు రాశావు, సంతోషం, కానీ నేను గుంటూరులో ఉన్నాను, శనివారం ఆరింటికి నీ షాపు ముందు నిలబడలేను. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాసింది ఇందుకే. దేవుడితో ఒప్పుకోవడం నీకు వచ్చు, చాటుగా ఒప్పుకోవడంలో ఆరితేరిపోయావు. ఎవరికి చెప్పాలో మాత్రం చూసి ఎంచుకో. విని అయ్యో అని గుండెలు బాదుకునేవాళ్ళు వద్దు. సాయంత్రానికల్లా "ఒక సహోదరుడి తాగుడు గురించి ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళు అసలే వద్దు. ప్రార్థనాంశం పేరుతో మన సంఘాల్లో ఎంతమంది పరువు పోయిందో! తన జీవితంలో ఏదో ఒకటి పడి లేచినవాణ్ణి, తక్కువ మాట్లాడేవాణ్ణి చూసుకో. కూరగాయల కొట్టు ఆయనైనా ఫర్వాలేదు, పెద్ద కాపరే కానక్కర్లేదు. విజయవాడలో ఏ.ఏ. (ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానాలనుకునేవాళ్ళ కూటమి) మీటింగులు కూడా జరుగుతుంటాయి. 1935లో అమెరికాలో తాగుడు మానలేని ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో మొదలైంది అది. అక్కడికి వెళ్ళడం సంఘాన్ని వదిలేయడమేమీ కాదు.

కీబోర్డు సంగతి పాస్టరు గారికి నువ్వే చెప్పు, ఇంకొకరి నోట ఆయనకు తెలియనివ్వకు. కొన్ని నెలలు దిగిపో. శిక్ష కింద చెప్పడం లేదు. వేదిక మీద ఉన్నవాడిని ఎవరూ ఎలా ఉన్నావని అడగరు, అందుకని. కింద చాప మీద కూర్చుని ఇంకొకరు వాయించగా పాడుకోవడం నీకు ఇప్పుడు మంచిది. ఆయన కోప్పడొచ్చు. కోప్పడితే పడు. అవమానిస్తే మాత్రం నాకు రాయి, ఆలోచిద్దాం.

ఇంకెన్నాళ్ళు అని అడిగావు. నాకు తెలిస్తే నా గురించి నేను ముందు చూసుకునేదాన్ని. మందు మీద కోరిక కాలం గడిచేకొద్దీ పలచబడుతుంది, అది వార్డులోనూ చూశాను, గదిలోనూ చూశాను. కొందరికి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ. ఒక్క రాత్రిలో ఆ కోరిక పోయినవాళ్ళనీ ఇద్దర్ని చూశాను, అబద్ధం చెప్పను. నీకు అలా జరగలేదు, ఎందుకో తెలియదు. శిష్యుడు పేతురు తనను ఎరుగనని చెప్పి పడబోతున్నాడని ప్రభువు ముందే చెప్పాడు. చెప్పిన అదే నోటితో నీ నమ్మిక తప్పిపోకుండా వేడుకున్నాను అన్నాడు. పడకుండా వేడుకున్నాను అనలేదు. ఈ తేడా మీద నేను చాలా రాత్రులు మూడింటికి లేచి కూర్చుని గడిపాను.

తెనాలి వెళ్ళి ఇప్పుడే కాళ్ళు పట్టుకోకు. మారిపోయాను, రా అని పిలవకు. ఆమె ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటుందో నీకే తెలుసు. క్షమించడం ఒక రోజులో అవ్వొచ్చు, నమ్మకం మాత్రం ఆమె చేతిలో ఉన్న పని, దానికి ఆమె ఎంత టైం తీసుకుంటే అంత. ఆస్పత్రిలో చూపించుకున్న చీటీ ఫోటో తీసి పంపు, కింద ఏమీ రాయకు. పాప ఫీజు కట్టు. ప్రతి నెలా కట్టు, ఆమె ఫోన్ ఎత్తకపోయినా కట్టు. వాళ్ళకు కూడా మాట్లాడటానికి మనిషి కావాలి. మీ సంఘంలో నిదానం గల ఒక పెద్దావిడ ఉంటే, ఆమె ఒప్పుకుంటే, వెళ్ళి చూసి రమ్మను, నీ తరఫున రాయబారానికి కాదు, ఆమె ఎలా ఉందో అడగడానికి.

నీ ఉత్తరం మళ్ళీ ఒకసారి చదివాను. అందులో బాప్తిస్మం సంవత్సరం ఉంది, ఆటోనగర్ ఉంది, కీబోర్డు ఉంది. నీ భార్య పేరు, పాప పేరు లేవు. నాకు చెప్పక్కర్లేదు, ఆ నోటుబుక్కు మొదటి పేజీలో నువ్వే రాసుకో. సోమవారం ఓపీకి పొద్దున్నే వెళ్ళు, చీటీ దగ్గర జనం ఉంటారు. టిఫిన్ తిని వెళ్ళు.